శ్రావణంలో సప్లిమెంటరీ

పలివెల,
20 ఏప్రిల్ 1998.

ఒసేయ్ సలోమీ,

నవ్వనని ఒట్టు పెట్టుకుని మరీ చదువు. పెట్టుకున్నావా? అయితే విను. నిన్న ఆదివారం నాకు పెళ్ళిచూపులయ్యాయి. అందులో నేను ఇంగ్లీషు తప్పాను.

అవునే, పెళ్ళిచూపుల్లోనే. టెన్త్‌లో రెండుసార్లు పోయాక ఇంగ్లీషు నన్ను వదిలేసిందనుకున్నాను. పట్టుపంచె కట్టుకుని, వీధి గుమ్మంలోంచి తిన్నగా మా ఇంట్లోకే వచ్చింది.

అంబాజీపేట సంబంధం. కొబ్బరి కొట్టు ఉంది. అబ్బాయి పేరు నాగబాబు. తండ్రి లేరు, ఏం చెయ్యాలన్నా పెదనాన్నగారి మాటేనట. ఆ పెదనాన్న సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. మా మేనత్త నాగదుర్గ నీకు తెలుసుగా, మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా ఆవిడే సైన్యాధ్యక్షురాలు. పాడమంటారని రెండు పాటలు నేర్పింది. నడవమంటారని వరండాలో నాలుగు రోజులు నడిపించింది. జడ చూస్తారని మోకాళ్ళదాకా సవరం పెట్టింది. ఇంగ్లీషు అడుగుతారని ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?

కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, పెదనాన్నగారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. ఎవరిదో శుభలేఖ వెనక మూడు మాటలు రాశారు. సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్. "ఇందులో నౌనేది, వెర్బేది, ఎడ్జెక్టివేది? కింద ఎన్ అనో, వి అనో, ఎ అనో రాయమ్మా. మా ఇంట్లో కోడళ్ళందరూ రాసేరు" అన్నారు.

ఎదురుగా నాగబాబుగారు కూర్చుని ఉన్నారు. తలొంచుకుని మూడింటి కిందా ఎన్ రాసేశాను.

ఆయన ఒకటి టిక్కు పెట్టి, రెండు కొట్టేసి, పైన మూడుకి ఒకటి అని మార్కు కూడా వేశారు. మా నాన్న ఊరుకోలేక, "మా అమ్మాయి అరటిగెల చూసి ఎన్ని హస్తాలున్నాయో దూరం నుంచే చెప్పేస్తుందండి" అన్నాడు. "పిల్ల బంగారమండి తాతారావుగారూ. పునాదే లేదు. ఎండలు పోయి, ఆషాఢం వెళ్ళేక శ్రావణంలో మళ్ళీ వస్తాం. ఈలోపు చదవమనండి" అని పెదనాన్నగారు లేచారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఇలాంటి వాళ్ళు మళ్ళీ రావడం ఎక్కడైనా చూశామా అని.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగిన కాసేపటికి నాగబాబుగారు ఒక్కరూ నడుచుకుంటూ వచ్చారు. పొరపాటున మా నాన్న చెప్పులు వేసుకెళ్ళిపోయారట. మా నాన్న చెప్పులు ఆయన కాలికి సగం కూడా రావు, పొరపాటు ఎలా అయిందో దేవుడికే తెలియాలి. చెప్పులు మార్చుకుంటూ తలెత్తకుండా అన్నారు: "మా పెదనాన్న దగ్గర నాకూ ఎప్పుడూ మూడుకి ఒకటేనండి. మీరు బాధపడకండి. మీరు చదవండి, ఆయన్ని తీసుకొచ్చే పూచీ నాది."

అప్పటినుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. నువ్వు టీచరువి. నాకు పోస్టులో పాఠం చెప్పు. లేకపోతే నేను ఈ శ్రావణంలో కూడా మూడు ఎన్‌లు రాసి చస్తాను.

నీ
హేమ

*

రాజోలు,
25 ఏప్రిల్ 1998.

హేమకి,

ఒట్టు నిలబడలేదు. రెండో పేరాలోనే నవ్వేశాను. నాన్నగారికి చదివి వినిపిస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. పెళ్ళికొడుకు పేరు ఎన్‌తో మొదలవుతుందని మూడుసార్లు రాసొచ్చిందేమో కనుక్కోమన్నారు. మా నాన్న కృపానందం గారు వేళాకోళం ఆడడం మా అమ్మ పోయాక ఇదే మొదలు. అందుకు నీకు ఒక థాంక్స్.

తర్వాత నాకు కోపమొచ్చింది. కొబ్బరి కొట్లో కాయలు లెక్కెట్టుకునే ఇంటికి ఎడ్జెక్టివ్ దేనికే? నేనే ఆ చోట ఉంటే ఆ పెన్ను ఆయన జేబులోనే విరిచేసేదాన్ని. కానీ నువ్వు చెప్పుల దగ్గర పడిపోయావు కాబట్టి లాభం లేదు. పాఠమే చెప్తాను.

నన్ను టీచరని పెద్ద పేరు పెట్టి పిలవకు. ఈ కాన్వెంటులో నాకిచ్చింది ఎల్‌కేజీ. రోజంతా ముక్కులు తుడవడం, లాగులు సర్దడం. గ్రామరు చెప్పే భాగ్యం నీ దయవల్ల కలిగింది. కాబట్టి శ్రద్ధగా విను.

మాటలకి కుటుంబాలుంటాయి. ఒకే ఇంట్లో ముగ్గురుంటారు. మొహాలు ఒకలాగే ఉంటాయి, పనులే వేరు. ఒకరు పేరు, ఒకరు పని, ఒకరు ఎలాంటిదో చెప్పేవారు. వాళ్ళని తోక చూసి పట్టుకో. చివర 'షన్', 'మెంట్', 'నెస్' ఉంటే చాలావరకు నౌన్. 'ఫై', 'ఐజ్' ఉంటే వెర్బ్. 'ఫుల్', 'అస్', 'ఏబుల్' ఉంటే ఎడ్జెక్టివ్. ఎంజాయ్ చేస్తాం, అది వెర్బ్. కలిగేది ఎంజాయ్‌మెంట్, అది నౌన్. ఎంజాయబుల్ అంటే ఎలాంటిదో చెప్పడం. ఇంతే. దీనికోసం మీ అమ్మ ఏడ్చింది.

వెనక కాయితం మీద ముప్ఫై కుటుంబాలు కలిపేసి రాశాను. ఎవరింటి వాళ్ళని వాళ్ళింటికి పంపించు. నీ చేతిరాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది, అది కూడా చూసుకో.

సలోమి

*

పలివెల,
14 మే 1998.

టీచరమ్మగారికి,

పిలవొద్దంటే ఎక్కువ పిలుస్తాను. తోకల పాఠం అద్భుతం. కానీ కొన్ని మాటలకి తోకే లేదు కదే! స్ట్రాంగ్ ఉంది, స్ట్రెంగ్త్ ఉంది. వీటిని ఎక్కడ పట్టుకోను? రెండు రోజులు జుట్టు పీక్కుని నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ఏ మాటొచ్చినా తీసుకెళ్ళి మా అత్తకి తగిలించడమే.

'వెరీ' పెట్టి అత్తకి ముందు అతికితే ఎడ్జెక్టివ్. 'అత్త విల్' తర్వాత అతికితే వెర్బ్. 'అత్తాస్' తర్వాత అతికితే నౌన్. చూడు: వెరీ బ్యూటిఫుల్ అత్త. అత్త విల్ బ్యూటిఫై. అత్తాస్ బ్యూటీ. మూడూ తాళం పెట్టినట్టు సరిపోయాయి. వెరీ స్ట్రాంగ్ అత్త, అత్తాస్ స్ట్రెంగ్త్, అత్త విల్ స్ట్రెంగ్తెన్. ఒక్కటి కూడా తప్పడం లేదు!

ఇప్పుడు ఆవకాయ రోజులు. అత్తా నేనూ ఎదురెదురుగా కూర్చుని కాయలు కొడుతున్నాం. నేను గొణుక్కుంటుంటే "ఏంటే అది, నా పేరేదో వినపడుతుంది" అంది. "నిన్ను ఇంగ్లీషులో పొగుడుతున్నాను" అన్నాను. "అయితే కొంచెం గట్టిగా పొగుడు, వీధిలోకి వినపడాలి" అంది. సరిగ్గా అప్పుడే డేంజర్ కుటుంబం వచ్చింది. "వెరీ డేంజరస్ అత్త" అని కేకేశాను. పరవశించిపోయి నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. ఎప్పుడో ఎవరో అర్థం చెప్తారు, అప్పుడు నన్ను ఆ కత్తిపీటకే వేస్తుంది.

నాన్న కూడా వదలడం లేదు. గెలలు లారీకి ఎత్తిస్తూ "అమ్మాయ్, 'లోడు' నౌనా వెర్బా?" అని పొలంలోంచి అరుస్తాడు. రెండూ అవుతుందని నేను గట్టు మీంచి అరుస్తాను. హమాలీలు పని ఆపి వింటున్నారు.

ఇంకొకటి. అంబాజీపేట కొబ్బరి లారీ రావులపాలెం పోవాలంటే మెయిన్ రోడ్డుంది. మా వీధిలోకి రావలసిన పని లేదు. అయినా వారానికోసారి వస్తోంది. మా ఇంటి ముందు ఒక్కసారి హారను కొట్టి, వెనక్కి తిప్పుకోవడానికి నానా తంటాలు పడి పోతోంది. డ్రైవరు పక్కన ఎవరు కూర్చుంటున్నారో నేను చెప్పను.

ముప్ఫై కుటుంబాలూ పంపిస్తున్నాను, ఎర్ర సిరా వాడకు, నాకు భయం.

నీ శిష్యురాలు
హేమ

*

రాజోలు,
2 జూన్ 1998.

హేమకి,

ఆకుపచ్చ సిరా వాడాను. ముప్ఫైలో ఇరవై ఆరు. ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే మిగతా నాలుగూ వచ్చేవి. హారను విని రాసినట్టున్నావు.

నీ అత్త ఉపాయం మా ఎల్‌కేజీ పిల్లల మీద కాదుగానీ నాన్నగారి మీద ప్రయోగించాను. "ఇది పుస్తకాల్లో ఉండాల్సిన పద్ధతి, కానీ ప్రతి ఇంట్లోనూ అలాంటి మేనత్త దొరకదు కదా" అన్నారు. సాయంత్రాలు ఆయనే నీకు కుటుంబాలు ఏరి పెడుతున్నారు. బ్లడ్, బ్లీడ్, బ్లడీ రాయమన్నారు. బ్లడీ అంటే తిట్టని నువ్వనుకుంటావట. తిట్టయినా ఎడ్జెక్టివే.

కొన్ని మాటలు ఒకే మొహంతో రెండు పనులు చేస్తాయి. మీ నాన్న అడిగిన లోడు అలాంటిదే. స్లీప్ కూడా అంతే. లవ్ కూడా అంతే, నౌనూ అవుతుంది, వెర్బూ అవుతుంది. నీ కేసులో ప్రస్తుతం ఏదో తేల్చి రాయి. నాకు మాత్రం వెర్బు లక్షణాలు కనపడుతున్నాయి.

ఈసారి యాభై కుటుంబాలు. హారను మోగని రోజు చూసి రాయి.

సలోమి

*

పలివెల,
12 జులై 1998.

సలోమీ,

ఇన్నాళ్ళు జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. రాయబుద్ధి కాలేదు. జూన్ నెలాఖరునుంచి లారీ రావడం మానేసింది. ఆషాఢం కదా, మంచి పనులకి తిరగరని అమ్మ సర్దిచెప్పింది. తర్వాత తెలిసింది, రావులపాలెంలో బీకాం చదివిన అమ్మాయిని చూడ్డానికి పెదనాన్నగారు వెళ్ళారట. ఎర్ర పెన్నుతో సహా. ఆ అమ్మాయికి మూడుకి మూడూ వచ్చాయట.

బీకాం పిల్లకి నేను పోటీయా? నీ యాభై కుటుంబాలూ బియ్యం డబ్బా వెనక్కి తోసేశాను. అమ్మ ఏమీ అనలేదు. అత్త కూడా ఏమీ అనలేదంటే పరిస్థితి నువ్వే అర్థం చేసుకో.

మొన్న నాన్న తోటలోకి పురుగుమందు తెచ్చాడు. డబ్బా నా ముందు పెట్టి ఎంత కలపాలో కొట్టువాడు చెప్పింది మర్చిపోయానన్నాడు. ఊరికే డబ్బా తిప్పి చూశాను. పక్కన 'ప్రొటెక్షన్' అని ఉంది. కింద చిన్నక్షరాల్లో 'ప్రొటెక్ట్' అని ఉంది. చేతులకి తొడుక్కోమన్న చోట 'ప్రొటెక్టివ్' అని ఉంది. సలోమీ, వాళ్ళు ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళని నాకు తెలిసిపోయింది! ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కాపాడడం, కాపుదల, కాపాడే తొడుగు. ఆ వెంటే మిగతా చిన్నక్షరాలు కూడా కదిలాయి. పిల్లలకి దూరంగా ఉంచమన్నారు, గాలికెదురుగా కొట్టొద్దన్నారు, ఇన్ని నీళ్ళకి ఇంత అన్నారు. నాన్నకి చదివి చెప్పాను. నాన్న నా మొహంలోకి చూసి, "ఇన్నేళ్ళూ గాలికెదురుగానే కొట్టేను కదమ్మా" అన్నాడు.

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టింది. సబ్బు కవరు, అగ్గిపెట్టె, అత్త తలనొప్పి మాత్రల అట్ట, ఏదీ వదలడం లేదు. బియ్యం డబ్బా వెనకనుంచి నీ కాయితాలు తీశాను. బొద్దింకలు తిన్న మూల తప్ప అన్నీ చేసేశాను.

అంబాజీపేట వాళ్ళు వస్తారో రారో నాకు తెలీదు. వస్తే బాగుండును. నిజం చెప్పనా, చెప్పులు మార్చుకున్నాయన వస్తే చాలా బాగుండును. కానీ అంతకంటే ముందు, ఎవరో ఒకళ్ళు నా ఎదురుగా కూర్చుని ఇవి అడగాలి. నాకు వచ్చని ఎవరికీ తెలీకుండా ఉండిపోతే ఊపిరాడదు.

నీ
హేమ

*

రాజోలు,
17 జులై 1998.

హేమా,

నీ ఉత్తరం నాన్నగారు రెండుసార్లు చదివించుకున్నారు. పురుగుమందు డబ్బా దగ్గర "ఆగు, మళ్ళీ చదువు" అన్నారు. నేను కూడా అక్కడ ఆగాను. ఎగతాళి చెయ్యడానికి ఒక్క మాట కూడా దొరకలేదు, నీకిది పండగ రోజు.

యాభైకి నలభై తొమ్మిది. బొద్దింకలు తిన్నవి నీకే కలిపాను.

వాళ్ళు రాకపోతే వచ్చే నెల్లో నేనే పలివెల వస్తాను. పట్టుపంచె లేదుగానీ నాన్నగారి ఖద్దరు పంచె ఉంది, అది కట్టుకుని వరండాలో కూర్చుని నిన్ను అడుగుతాను. కాఫీ మాత్రం బాగుండాలి. ప్రార్థనలో నీ పేరు చెప్తున్నాను, ఆయన పేరు కూడా చెప్తున్నాను. దేవుడికి ఎన్‌తో మొదలయ్యే పేర్లంటే పట్టింపు లేదనుకుంటాను.

సలోమి

*

పలివెల,
4 ఆగస్టు 1998.

సలోమీ!

వస్తున్నారు, వస్తున్నారు, వస్తున్నారు! ఆదివారం వస్తున్నారు. మూడుసార్లు ఎందుకు రాశానో నాకే తెలీదు.

బీకాం అమ్మాయిని పెదనాన్నగారు ఒక్కరే చూశారట. అబ్బాయి వస్తాడనుకున్న రోజున దుప్పటి కప్పుకుని జ్వరమని పడుకున్నాడట. మర్నాడు పొద్దున్నే కొట్లో కాయలు వలుస్తున్నాడట. "శ్రావణంలో పలివెల వస్తామని మాటిచ్చేం కదండి" అని అదే మాట పట్టుకుని కూర్చున్నాడట. ఈ కబురు తెచ్చినాయనకి అమ్మ రెండుసార్లు కాఫీ ఇచ్చింది.

కానీ ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. నేను పాసవుతానని ఎవరికీ నమ్మకం లేదే. అమ్మ అప్పుడే కళ్ళు ఒత్తుకుంటోంది. ఈసారి తప్పితే ఊళ్ళో తలెత్తుకోలేమట. నాన్న ఒక్కడే "డబ్బా చదివింది కదా" అంటాడు, ఆయన మాట ఎవరు వింటారు? అత్త నడుం బిగించింది. "ఆ మాస్టారు నోరు ఖాళీగా ఉంటే కదా అడిగేది. ఖాళీ ఉంచను" అంది. సంబంధం ఖాయమవకుండా మగపెళ్ళివారు మనింట్లో భోంచెయ్యరు కదా అంటే, "భోజనం కూడదన్నారు గానీ టిఫినుకి హద్దెవరు పెట్టేరు?" అని పప్పు నానబోసింది. ఆదివారానికి మంగళవారం నుంచే నానబోసే పప్పేమిటో నాకు తెలీదు. రుచి చూడ్డానికట.

నాకు వచ్చత్తా, అడగనీ అంటే, "నీకొచ్చని మాకు తెలుసమ్మా" అని తల నిమురుతుంది. ఆ నిమరడంలోనే తెలిసిపోతుంది, నమ్మలేదని.

హేమ

*

రాజోలు,
6 ఆగస్టు 1998.

కార్డు ముక్క మీద రాస్తున్నాను, శనివారానికైనా అందాలని. పెట్టనీ, ఎంత పెడుతుందో పెట్టనీ. నువ్వు మాత్రం ఏమీ తినకు, తలకెక్కదు. జడకి సవరం పెట్టనివ్వకు. నాన్నగారు నిన్ను ఆశీర్వదించమన్నారు. రెండు రోజుల్నించి ఒకడి లాగు ఇంకొకడికి తొడుగుతున్నాను, ఎల్‌కేజీ వాళ్ళు కూడా కనిపెట్టేశారు. అయ్యాక ఆ రోజే రాయి.

సలోమి

*

పలివెల,
10 ఆగస్టు 1998.

నా బంగారు సలోమీ,

ఆ రోజే రాయమన్నావు. నిన్న పెన్ను పట్టుకుంటే చెయ్యి గెంతులు వేసింది. ఇవాళ కాస్త కుదురుగా ఉంది. మొదటినుంచీ చెప్తాను, మధ్యలో చివరకి తిప్పి చూడకు.

పదింటికి వచ్చారు. పెదనాన్నగారు, నాగబాబుగారు, వాళ్ళమ్మగారు. కూర్చోగానే పెసరట్టూ ఉప్మా వచ్చాయి. పెదనాన్నగారు తిని, చెయ్యి కడుక్కుని, జేబు తడుముకున్నారు. ఎర్ర పెన్ను సగం బయటికొచ్చింది. అత్త గారెల పళ్ళెంతో ఎదురుగా నిలబడింది. పెన్ను లోపలికి పోయింది. గారెలయ్యాక మళ్ళీ సగం వచ్చింది. ఈసారి పెరుగుగారెలు. "చాలమ్మా, భోజనమైపోతుంది" అన్నారు ఆయన. "భోజనం ఎలా అవుద్దండి అన్నయ్యగారూ, అన్నం పెట్టలేదు కదండి" అని పులిహోర పెట్టింది. ఇది అన్నమే కదమ్మా అంటే, "పులిహోర టిఫినేనండి" అంది. ఆ వెనకాల దద్దోజనం వచ్చింది. అది గుళ్ళోంచి తెచ్చిన ప్రసాదమట, కాదనకూడదట. మా ఇంటి మట్టుగిన్నెలో ఉన్న ప్రసాదం అది!

బొబ్బట్ల మీద నెయ్యి పోస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. చేతిమీద పోసింది. ఆత్రేయపురం పూతరేకులు, ఆ పైన జున్ను. ఆయన ముందు అత్తని గద్దించారు, తర్వాత బతిమాలారు, ఆఖరికి మాట్లాడడం మానేసి నోరు తెరిచారు. నాగబాబుగారు ముక్కుమీద రుమాలు పెట్టుకుని భుజాలు అదురుతూ కూర్చున్నారు. అప్పుడు అత్త నాన్న చేత పడక్కుర్చీ తెప్పించి ఫ్యాను కింద వేయించింది. "ఒక్క నిమిషం నడుం వాల్చండి" అంది. ఆ నిమిషంలోనే గురక మొదలైంది.

అత్త కొంగుతో చెమట తుడుచుకుని నావైపు గెలిచినట్టు చూసింది.

నాగబాబుగారి అమ్మగారు నెమ్మదిగా అన్నారు: "పిల్ల మాకు మొదటిసారే నచ్చేసిందండి. ఈ పరీక్షల గోలంతా మా బావగారిదే. ఆయన లేచేలోగా తాంబూలాల సంగతి మాట్లాడేసుకుందామండి." నాన్న గోడనున్న పంచాంగం తీశాడు. ఒక్క క్షణంలో అన్నీ కుదిరిపోయాయి. నాగబాబుగారు నన్ను చూసి నవ్వారు. ఏప్రిల్‌నుంచి నేను అడుగుతున్నది ఇదే కదే? చేతిలో పెట్టేశారు.

నాకు ఏడుపొచ్చింది.

వంటింటి గుమ్మంలో నిలబడి, నాలో కుటుంబాలన్నీ గొంతుదాకా వచ్చి తోసుకుంటుంటే, నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా పాస్ చేసేస్తున్నారు. ఫెయిలవుతానని అందరికీ ఎంత నమ్మకం! దాన్ని దాచిపెట్టడానికి ఎన్ని గారెలు! నేను ఊరుకుంటే అంబాజీపేట వెళ్ళిపోతాను, హాయిగా ఉంటాను, ఆ ఇంట్లో జన్మంతా మూడుకి ఒకటి వచ్చిన కోడలిగానే ఉంటాను. లేపితే? తప్పు చెప్తే? ఈయన లేచి పంచె దులుపుకుని వెళ్ళిపోతారు. ఇంక ఏ శ్రావణమూ ఉండదు. అమ్మకి నా మొహం చూడగానే అర్థమైంది. నా చీర చెంగు పట్టుకుని లాగింది. విడిపించుకుని వెళ్ళిపోయాను.

"మాస్టారండీ! లేవండి. అడక్కుండా పడుకుంటారేంటండి? నేను చదువుకున్నానండి."

ఆయన ఉలిక్కిపడి లేచి, "ఆఁ! బెల్లు కొట్టేరా?" అన్నారు.

వాళ్ళ అమ్మగారు "వద్దమ్మా, అయిపోయింది కదా, ఎందుకు?" అన్నారు. అత్త నెత్తిన చెయ్యి పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. పెదనాన్నగారు నన్ను తేరిపార చూసి, "తప్పు చెప్తే ఈ సంబంధం ఉండదు. నేను మాట మార్చేవాణ్ణి కాను. తెలుసా?" అన్నారు. ఆయ్, తెలుసండి అన్నాను.

కాయితం లేకపోతే నాన్న క్యాలెండర్లోంచి జులై నెల చింపి ఇచ్చాడు. ఆయన డిసైడ్, డెసిషన్, డెసిసివ్ రాశారు. పెన్ను కింద పెట్టకముందే చెప్పేశాను. ఫేమస్, ఫేమ్ అన్నారు. చెప్పాను. ఫీడ్, ఫుడ్ అన్నారు. అత్త వైపు చూసి నవ్వుకుంటూ చెప్పాను. ఆయన కుర్చీ అంచుకి వచ్చేశారు. రాయడం మానేసి నోటితో విసురుతున్నారు, నేను నోటితోనే తిరిగి విసురుతున్నాను. డెత్! నౌనండి. డై! వెర్బండి. డెడ్! ఎడ్జెక్టివండి. పిట్టగోడ మీద పిల్లలు చేరారు. ఎదురింటి సింహాద్రి సైకిలాపి స్టాండు వేసేశాడు. ఏమర్థమైందో ఏమో, ప్రతి జవాబుకీ "అద్గదీ!" అంటున్నాడు.

"గ్రీఫ్, గ్రీవ్" అన్నారు.

ఆగిపోయాను. వీధంతా ఆగిపోయింది. అత్తకి తగిలిద్దామనుకున్నాను, అతకలేదు. అబద్ధమాడాలనిపించలేదు. "గ్రీవ్ తెలీదండి. ఆ మాట మా ఇంటికింకా రాలేదండి. మీరే చెప్పండి" అన్నాను.

"దుఃఖపడడమమ్మా" అన్నారు ఆయన. మళ్ళీ ఆయనే, "రాకపోతేనే మంచిది" అన్నారు. తర్వాత జులై నెల మీద చాలాసేపు లెక్క వేసి, పెద్ద సున్నాలు చుట్టి, ఎంత వేశారో ఎవరికీ చూపించకుండా మడిచి నా చేతిలో పెట్టారు. "ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పేను. అడగండి మాస్టారూ అని నన్ను నిద్ర లేపిన పిల్ల ఒక్కర్తీ లేదు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఎవరు నేర్పేరమ్మా అంటే నీ పేరు చెప్పాను. మీ నాన్నగారి పేరు చెప్పాను. వచ్చేవారం రాజోలు వచ్చి మిమ్మల్ని చూస్తారట. ఇల్లు సర్దుకో, టిఫిను మాత్రం పెట్టకు.

అమ్మ ఏడుస్తోంది, అత్త అమ్మని పట్టుకుని ఏడుస్తోంది. "నాకు ముందే తెలుసు, ఇది గొప్పదని" అంటోంది సిగ్గు లేకుండా. పెదనాన్నగారు క్లాసులో లాగా చుట్టూ చూసి, "ఇంకెవరైనా అడిగేవాళ్ళుంటే అడగండి" అన్నారు.

నాగబాబుగారు చెయ్యెత్తారు. బెంచీ మీద కుర్రాడిలా, చెయ్యి పూర్తిగా పైకెత్తి, "నేనండి" అని లేచి నిలబడ్డారు. అందరూ ఇంగ్లీషనుకున్నారు. నేను కూడా ఇంగ్లీషే అనుకుని సిద్ధంగా నిలబడ్డాను.

"నేను మీకు నచ్చేనా అండి?" అన్నారు.

సలోమీ, ఈ ఇంటికి రెండుసార్లు వచ్చి నన్ను చూశారు. జడ చూశారు, నడక చూశారు, మార్కులు వేశారు, కొట్టేశారు, మళ్ళీ వేశారు. ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు. అడగాలని నాకే తట్టలేదు. ఆయన చెయ్యి ఇంకా దించలేదు, నేను చెప్పేదాకా దించేలా లేరు. ఇన్ని నెలలుగా నేర్చుకున్న మాటలన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు.

"ఆయ్!" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానంటే, పెదనాన్నగారు మళ్ళీ ఉలిక్కిపడ్డారు.

నీ
హేమ